దర్శనం లేకుండా లడ్డూ: మోమా డిజైన్ స్టోర్‌కి మూడు ప్రయాణాలు

సెప్టెంబర్ 20న మా మేనకోడలు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. మాసాబ్‌ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. "అత్తా, నాయనమ్మతో చాక్లెట్లూ సెంట్లూ ఏమీ పంపొద్దు. మోమా డిజైన్ స్టోర్‌లో ఆకాశం గొడుగు ఉంటుంది. అదొక్కటి చాలు" అని.

మోమా అంటే న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్. నేను ఆరేళ్లుగా జెర్సీ సిటీలో ఉంటున్నాను. నది దాటితే మ్యూజియం. ఆరేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ సంగతి పిల్లకి చెప్పలేదు, "సరే తల్లీ" అన్నాను.

మా దగ్గరికి వచ్చి ఉన్న అమ్మ తిరుగు ప్రయాణం అక్టోబర్ 14. దీపావళికి తమ్ముడి ఇంట్లో ఉండాలని ముందే టికెట్ అలా తీయించుకుంది. మా ఆయన "ఆన్‌లైన్‌లో నొక్కితే ఇంటికే వస్తుంది కదా, ఎందుకు తిరగడం" అన్నారు. నిజమే. కానీ అమ్మకి ఇంట్లో విసుగ్గా ఉంది. మేం పొద్దున పనికి పోతే సాయంత్రం దాకా ఆమెకి తోడు కిటికీ, యూట్యూబ్. "నేనూ వస్తానే, ఆ కొట్టేదో చూద్దాం" అంది. అలా మొదలైంది.

సెప్టెంబర్ 27, శనివారం. జర్నల్ స్క్వేర్‌లో, మా వైపు నుంచి నది దాటి న్యూయార్క్ వెళ్లే పాత్ రైలు ఎక్కాం. అప్పట్లో శనాదివారాల్లో ఈ రైలు హోబోకెన్ చుట్టి వెళ్లేది, ఆ సంగతి నాకు ఎక్కాక గుర్తొచ్చింది. ముప్పై మూడో వీధిలో దిగి, అక్కడే సబ్‌వే మారి, నలభై ఏడో వీధి రాక్‌ఫెల్లర్ సెంటర్ స్టేషన్లో దిగి, ఆరు వీధులు పైకి నడవాలి. అప్పటికి, అంటే 2025లో, పాత్‌కి మనిషికి 3 డాలర్లు, సబ్‌వేకి 2 డాలర్ల 90 సెంట్లు ఉండేవి. రెండిటికీ విడివిడిగా కట్టాల్సిందే, ఒక టికెట్‌తో రెండో దాంట్లో ఎక్కనివ్వరు. ఇద్దరికీ రానూపోనూ 23 డాలర్ల 60 సెంట్లు. గొడుగు ఇంకా కళ్లతో చూడకముందే ఇంత అయింది.

యాభై మూడో వీధిలోకి తిరగ్గానే మొదటి పొరపాటు చేశాను. ఎడమ చేతి వైపు మ్యూజియం. దాని అద్దాల్లోంచి కింద నేలమాళిగలో ఒక పెద్ద షాపు కనిపిస్తుంది. ఇదే కాబోలని లోపలికి వెళ్లాం. సంచి తెరిచి చూసి పంపించారు, టికెట్ అడగలేదు. ఇది తెలుసుకోవాల్సిన మొదటి విషయం: షాపుకి టికెట్ అక్కర్లేదు. కానీ మేం దిగిన చోట ఎక్కువగా పుస్తకాలూ పోస్టర్లే. ఇరవై నిమిషాలు తిరిగి పనిచేసే అమ్మాయిని అడిగితే, డిజైన్ స్టోర్ వీధికి అవతలి పక్క, 44 నంబరు అని చెప్పింది. మళ్లీ మెట్లు, మళ్లీ రోడ్డు దాటడం. అమ్మ మోకాళ్లు అప్పటికే మూలగడం మొదలుపెట్టాయి.

అసలు షాపు ఎలా ఉంటుందో చెప్పాలంటే, మన స్టీలు సామాన్ల కొట్లో ఉండే వస్తువులనే తీసి, ఒక్కోదానికి ఒక్కో గూడు కట్టి, పైన దీపం పెట్టి, పక్కన చేసిన మనిషి పేరు రాసినట్టు ఉంటుంది. కాఫీ పాత్ర పక్కన పేరు. పూలకుండీ పక్కన పేరు. కొన్నిటి మీద, ఇది మ్యూజియం సేకరణలో కూడా ఉంది అని రాసి ఉంటుంది. అంటే అవతలి పక్క గాజుపెట్టెలో ఉన్నదాన్నే ఇక్కడ సంచిలో వేసి ఇస్తారన్న మాట.

అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కోదాని ముందూ ఆగింది. కెమెక్స్ దగ్గర చాలాసేపు నిలబడింది. నడుం దగ్గర సన్నబడి, చెక్క పట్టీ, తోలు తాడూ చుట్టిన గాజు కాఫీ పాత్ర అది. పీటర్ ష్లుంబోమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1941లో తయారు చేశాడట. లాబ్‌లోని గరాటూ కూజా కలిపేసినట్టే ఉంటుంది. "ఇందులో డికాషన్ ఎలా దిగుతుందే?" అంది. ప్రతిసారీ కొత్త కాగితం పెట్టి వంచాలని చెప్పాను. "రోజూ కాగితం పారేయాలా! మన ఫిల్టరు మీ నాన్నగారి పెళ్లినాటిది. ఒక్క కాగితం తినలేదు."

గోడకి ఒక తీగ చట్రం తగిలించి ఉంది, కొసలకి రంగురంగుల చెక్క బంతులు. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1953లో చేసిన హ్యాంగ్ ఇట్ ఆల్. దేనికని అడిగింది అమ్మ. కోట్లు తగిలించుకోవడానికి అన్నాను. ధర చీటీ తిప్పి చూసింది. రెండు వందల డాలర్ల పైనే. "చిలక్కొయ్యకా?" అంది. కాస్త గట్టిగానే అంది. పక్కన ఉన్నవాళ్లకి తెలుగు రాకపోవడం అదృష్టం.

అక్కడి నుంచే మేనకోడలికి వీడియో కాల్ చేశాను. హైదరాబాద్‌లో రాత్రి పది దాటింది, అయినా మంచం మీంచి లేచి కూర్చుంది. షాపంతా ఫోన్లో తిప్పి చూపించమంది, పెళ్లికూతురి నగలు చూపించినట్టు చూపించాను. చిలక్కొయ్య దగ్గరకి రాగానే పిల్ల ఆపింది. "నాయనమ్మా, వీళ్లని తిట్టకు. వీళ్లిద్దరూ 1958లో మన ప్రభుత్వం పిలిస్తే ఇండియా వచ్చి, ఊళ్లు తిరిగి రిపోర్టు రాశారు. తాము చూసిన వస్తువులన్నిటిలోకీ వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది చెంబుని. ఆ రిపోర్టు వల్లే అహ్మదాబాద్‌లో డిజైన్ కాలేజీ వచ్చింది, 1961లో" అంది. చెంబు నడుం మీద ఎలా కుదురుతుంది, మూతి ఎంత ఉండాలి, బరువు ఎటు ఉండాలి అని ఒక్కొక్కటిగా ఆలోచించారట. అమ్మ కాసేపు ఆలోచించి, "చెంబుని మెచ్చుకుని చిలక్కొయ్య అమ్ముకుంటున్నారన్న మాట" అంది.

పిల్ల అక్కడితో ఆగలేదు. షాపులో ఉన్నవి కూడా మ్యూజియం పనిలో భాగమేనని, 1938లోనే మ్యూజియం వాళ్లు అయిదు డాలర్లలోపు దొరికే ఇంటి సామాన్లతో ఎగ్జిబిషన్ పెట్టారని, మంచి వస్తువు అంటే ఖరీదైన వస్తువు కాదని చెప్పడమే దాని ఉద్దేశమని చెప్పింది. ఆ అయిదు డాలర్లు ఇప్పుడు ఎక్కడికి పోయాయని నేను అడగలేదు. రోమింగ్ కాకపోయినా నా ఫోన్ చార్జింగ్ అయిపోతోంది.

గొడుగు దొరికింది. పైకి మామూలు నల్ల గొడుగే. తెరిస్తే లోపల నీలాకాశం, తెల్ల మబ్బులు. టిబోర్ కాల్మన్, ఇమాన్యుయెలా ఫ్రాటిని మాగ్నుసన్ 1992లో చేశారు. వాన పడుతున్నప్పుడు నీ ఒక్కడి నెత్తిన మాత్రం ఎండ కాసే ఆకాశం, అదీ తమాషా. నాకు నిజంగా నచ్చింది. రెండు రకాలు ఉన్నాయి: చేతికర్రలా పొడుగ్గా ఉండేది, మడతపెట్టేది. పొడుగుది తెరిస్తే ఆకాశం పెద్దగా ఉంది. మడతది కాస్త చిన్నది. నేను పొడుగుదే తీసుకున్నాను. పిల్లకి ఇచ్చేది పెద్దదే ఇద్దామని. నాలుగు పోస్టుకార్డులు కూడా తీసుకున్నాను. చీటీల మీది ధరలు కూడితే సరిగ్గా 80 డాలర్లు.

కౌంటర్ దగ్గర మెంబరా అని అడిగారు. మ్యూజియం సభ్యులకి పది శాతం తగ్గిస్తారు. మేం కాదు. బిల్లు 87 డాలర్ల 10 సెంట్లు వచ్చింది. చీటీ మీద ఉన్న ధరలో పన్ను కలిసి ఉండదు, న్యూయార్క్ సిటీలో 8.875 శాతం పైన పడుతుంది. మా జెర్సీలో 6.625. ఆరేళ్లుగా ఇక్కడున్నా ఈ లెక్క నేను ప్రతిసారీ మర్చిపోతాను. అమ్మ అయితే "ఎనభై అని రాసి ఎనభై ఏడు తీసుకోవడమేంటే, అడుగు" అని నా మోచెయ్యి గిల్లింది.

బయటికి వచ్చాక అమ్మ ఇక నడవలేనంది. ఇక్కడ ఒక మంచి చోటు చెప్పాలి. అదే వీధిలో ఐదో అవెన్యూ దాటగానే పేలీ పార్క్ అని ఒక బుల్లి పార్కు ఉంది, రెండు భవనాల మధ్య గదిలాగా. వెనక గోడంతా జలపాతం, చెట్ల కింద కుర్చీలు, డబ్బు కట్టక్కర్లేదు. 1967 నుంచి ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. మేం అక్కడ ముప్పావుగంట కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

ఆ రాత్రి మేనకోడలు మళ్లీ ఫోన్ చేసింది. మ్యూజియంలో ఏం చూశారని అడిగింది. లోపలికి వెళ్లలేదన్నాను. పెద్దవాళ్లకి 30 డాలర్లు, అరవై ఐదు దాటినవాళ్లకి 22, ఇద్దరికీ 52 డాలర్లు ఎందుకులే అనిపించిందన్నాను. అవతలి నుంచి కొంతసేపు మాట లేదు. తర్వాత "తిరుపతి వెళ్లి దర్శనం చేసుకోకుండా లడ్డూ కొనుక్కుని వచ్చారా అత్తా?" అంది. అమ్మ పక్కనే ఉండి వింది. ఆ మాట ఆమెకి బాగా తగిలిందని నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు ఆదివారం పెట్టెలు సర్దడం మొదలుపెట్టాం. గొడుగు పట్టలేదు. అడ్డంగా పెట్టినా, ఏటవాలుగా పెట్టినా, కర్ర కొస బయటికే. మా ఆయన టేపు తెచ్చి కొలిచారు, గొడుగు 36 అంగుళాలు. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద పెట్టెలో మూల నుంచి మూలకి 32. "కొనే ముందు ఇది కొలవాలి కదా" అన్నారు. ఆ ముక్క కొన్నాక ఎవరైనా చెప్తారు. చేత్తో పట్టుకుని విమానం ఎక్కమంటే అమ్మ ఒప్పుకోలేదు. మధ్యలో దోహాలో దిగి మారాలి, అప్పటికే ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు, ఇంకో చేతిలో మందుల సంచి. మర్చిపోతే ఎవరిది బాధ్యత?

నాలుగు రోజులు గొడుగు హాల్లో తలుపు పక్కన నిలబడి నన్ను చూస్తూ ఉంది. నాకు ఇంత చిన్న విషయానికి ఎందుకు టెన్షన్ పట్టుకుందో ఇప్పటికీ అర్థం కాదు. పిల్ల అడిగింది ఒక్కటే వస్తువు. దాన్ని కూడా సరిగ్గా కొనలేకపోయానన్న బాధ.

అక్టోబర్ 3, శుక్రవారం. మా ఆఫీసు మన్‌హట్టన్ కింది భాగంలో ఉంటుంది. డిజైన్ స్టోర్‌కి సోహోలో ఇంకో షాపు ఉందని, 81 స్ప్రింగ్ స్ట్రీట్ అని అప్పటికి తెలుసుకున్నాను. ఆరో నంబరు రైలు స్ప్రింగ్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నాలుగడుగులు. లంచ్ టైములో గొడుగూ బిల్లూ పట్టుకుని వెళ్లాను. ఒక షాపులో కొన్నది ఇంకో షాపులో మారుస్తారో లేదోనని దారంతా మనసులో ఇంగ్లీషు వాక్యాలు పేర్చుకున్నాను. అవేవీ అవసరం రాలేదు. లైన్లో పన్నెండు నిమిషాలు నిలబడ్డాను. కౌంటర్‌లో అబ్బాయి బిల్లు చూశాడు, గొడుగు తెరిచి చూశాడు, మడతది తెచ్చి ఇచ్చాడు. రెండిటికీ మధ్య తేడా 20 డాలర్లు. పన్నుతో కలిపి 21 డాలర్ల 78 సెంట్లు కార్డులోకే వెనక్కి వేశాడు, నాలుగు రోజుల్లో వచ్చాయి. ట్యాగు తీసెయ్యకుండా ఉంచినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. బిల్లు కూడా పారేయకండి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

సోహో షాపు నాకు యాభై మూడో వీధి దానికంటే నచ్చింది. అమ్మ లేకపోవడం వల్ల కూడా కావచ్చు, అరగంట నా ఇష్టం వచ్చినట్టు తిరిగాను. ఆల్వార్ ఆల్టో గాజు కుండీ, అంచులు నీళ్లు వంకర తిరిగినట్టు ఉంటాయి, 1936 నాటి డిజైన్. ఒక్కసారి చేత్తో పట్టుకుని మళ్లీ జాగ్రత్తగా పెట్టేశాను. చేతిలోంచి జారితే నా నెల బడ్జెట్ కూడా జారినట్టే.

ఇక్కడితో కథ అయిపోవాలి. గొడుగు పెట్టెలో పట్టింది, పని అయింది. కానీ ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ సోఫాలో నా కోసమే చూస్తూ కూర్చుని ఉంది. "శుక్రవారం సాయంత్రం మ్యూజియం ఫ్రీ అటగా?" అంది. మేనకోడలితో మాట్లాడిందన్న మాట. ఫ్రీయే, కానీ న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లకి మాత్రమే. మాది న్యూజెర్సీ. మా బాల్కనీలోంచి కనిపించే ఊళ్లో మేం పరాయివాళ్లం. అది చెప్తే అమ్మ రెండు నిమిషాలు ఊరుకుని, బీరువాలోంచి తన పర్సు తెచ్చి, తను వచ్చేటప్పుడు తమ్ముడు మార్చి ఇచ్చిన డాలర్లలోంచి 60 తీసి నా ముందు పెట్టింది. "దర్శనం లేకుండా లడ్డూ పట్టుకెళ్తే పిల్ల ముందు నాకేం మర్యాద" అంది. నేను ఆ డబ్బు తీసుకోలేదు. తీసుకోలేదని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

అక్టోబర్ 11, శనివారం. టికెట్లు ముందు రోజు రాత్రే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను, పొద్దున పదిన్నరకి. ఆ టైముకి వెళ్తే బయట లైను పది నిమిషాలే. లోపల సామాన్లు దాచే చోట చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. అమ్మ మొదట "నేనేం రోగినా" అంది. ఐదో అంతస్తు ఎక్కి రెండు గదులు తిరిగాక, మారుమాట్లాడకుండా కూర్చుంది. అడగడానికి మొహమాటపడకండి, ముందే తీసుకోండి.

వాన్ గో స్టారీ నైట్ ముందు ఎప్పుడూ జనమే. అందరూ ఫోన్లు పైకెత్తి ఉంటారు, ముందు వరసలోకి వెళ్లడానికి మాకు పావుగంట పట్టింది. కుర్చీ ఉండటం వల్ల కొందరు జరిగి దారిచ్చారు. 1889లో వేశాడు, ఈ మ్యూజియంకి 1941లో వచ్చింది. షాపులో ఈ బొమ్మ ఎన్నిటి మీదో చూసి చూసి, అసలుది గోడంత ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. అమ్మ ముందుకు వంగి, గాల్లోనే చేయి చాపి జానలతో కొలిచింది. కాపలా ఆయన మా వైపు ఒక అడుగు వేశాడు. నేను అమ్మ చేయి పట్టి కిందికి దించాను. "నాలుగు జానలే" అంది గుసగుసగా. "నువ్వు వెనక్కిచ్చిన గొడుగంత."

ఇంటికి వచ్చాక చూశాను. వెడల్పు 92.1 సెంటీమీటర్లు. అంటే దాదాపు 36 అంగుళాలు.

మోనే అనే చిత్రకారుడు వేసిన కలువల బొమ్మల గదిలో కూర్చోవడానికి బల్లలున్నాయి, గోడ పొడుగునా నీళ్లే. అక్కడ దాదాపు నలభై నిమిషాలు ఉన్నాం. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, వాళ్ల అమ్మగారి ఊరి చెరువులో కలువకాడలు తెంపి దండలా విరిచి మెడలో వేసుకునేవాళ్లమని చెప్పింది. నాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

బయటికి వస్తూ మళ్లీ డిజైన్ స్టోర్‌లోకి. నేను వద్దన్నా అమ్మే లాక్కెళ్లింది. ఈసారి ఆమె డబ్బుతో, ఆమె ఎంచుకున్నది: గిడియన్ డాగన్ చేసిన పర్పెచ్యువల్ క్యాలెండర్. ఏ ఏడాదికైనా పనికొస్తుంది, అయస్కాంతంతో అంటుకునే చిన్న గుండుని రోజూ తేదీ మీదికి జరుపుకోవాలి. మొదటిసారి దాన్ని చూసినప్పుడు "తిథి ఏదీ, రాహుకాలం ఏదీ, పాలవాడి లెక్క ఎక్కడ రాసుకోవాలి" అని వెక్కిరించింది ఈమే. పన్ను కలిపి అరవై అయిదు దాటింది. నేను వెనక్కిచ్చిన 60 డాలర్ల నోట్లు, పైన ఆమె చిల్లర. ఈసారి పన్ను గురించి గిల్లలేదు.

మొత్తం లెక్క వేశాను: మూడు ప్రయాణాల రైలు ఖర్చులు, టికెట్లు, గొడుగు, కార్డులు, క్యాలెండర్ కలిపి 235 డాలర్లకి కాస్త ఎక్కువ. ఆన్‌లైన్‌లో నొక్కి ఉంటే గొడుగు ఒక్కటే అయ్యేది. మా ఆయన ఆ మాట అనబోయి నా మొహం చూసి ఆపేశారు.

అమ్మ 15వ తేదీ రాత్రి శంషాబాద్‌లో దిగింది. గొడుగుకి ఏమీ కాలేదు. పిల్ల దాన్ని తెరిచి, సీలింగ్ ఫ్యాన్ కింద పట్టుకుని ఫొటో పంపింది. వానలు వెళ్లిపోయాయి, ఇక వచ్చే జూన్ దాకా అది గదిలోనే. క్యాలెండర్ మాత్రం వంటింట్లో, దేవుడి క్యాలెండర్ పక్కన పెట్టారట. పాలు రాని రోజున నాయనమ్మ గుండు జరపడం లేదని, నెలాఖరుకి అది ఎన్ని రోజులు వెనకపడితే అన్ని రోజుల పాల డబ్బులు తగ్గించి ఇస్తోందని మేనకోడలు చెప్పింది. మొన్న ఫోన్ చేసినప్పుడు, వాళ్లింట్లో ఇంకా మూడు రోజుల కిందటి తేదీయే నడుస్తోంది.